మిల్లు గేటు, మా ఇంటి తలుపు

నా జన్మలో నేనొక్క బీడీ ముట్టించలేదు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు మనసు తేలికవుతుంది. గుండెపోటు వచ్చి బతికి బయటపడ్డానని తెలిసి పలకరించడానికి వచ్చినవాళ్ళంతా, మంచం పక్కన కూర్చోగానే షుగరుందా, బీపీ ఉందా, నెయ్యి ఎక్కువ తింటావా అని అడిగారు. నెయ్యి కొనే ఇల్లయితే కదా తినడానికి. షుగరు లేదు, బీపీ లేదు. మరి ఎందుకొచ్చిందో మా ఇంట్లో అందరికీ తెలుసు, పైకి చెప్పడానికే ఎవరికీ నోరు రాలేదు. ఇప్పుడు నేను రాస్తున్నాను. బీడీ ముట్టకుండా, బీడీ తాగే మనిషితో ఒకే గదిలో కాపురం చేస్తున్న ఆడవాళ్ళు చదివితే చాలు.

నా పేరు రత్నమ్మ, మాది బళ్ళారి. బైపాసు రోడ్డు పక్కన, పత్తి జిన్నింగు మిల్లు వెనకాల ఉన్న రేకుల ఇళ్ళలో ఒకటి. మా ఆయన వన్నూరప్ప ఆ మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్. నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని జీన్సు ప్యాంట్లు కుడతాను. మా ఊళ్ళో ఏ వీధిలోకి పోయినా ఈ పని చేసే ఆడవాళ్ళు కనిపిస్తారు. ఒక్కతే కూతురు, సుజాత. రూపనగుడిలో ఇచ్చాం. అల్లుడు ట్రాక్టరు తోలుతాడు.

పత్తి మిల్లు ఎరగనివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. లోపల ఎక్కడ చూసినా పత్తి పోసి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ పడితే చాలు, మిల్లు మిల్లంతా బూడిదే. అందుకని గేటు దాటే ప్రతివాడూ, హమాలీ కానీ, లారీ డ్రైవరు కానీ, పత్తి కొనడానికొచ్చిన సేటు కానీ, జేబులో ఉన్న బీడీలూ అగ్గిపెట్టే గేటు దగ్గరున్న రేకు డబ్బాలో వేసి పోవాలి. మా ఆయన పని అదే. అనుమానం వస్తే జేబులు తడిమి మరీ చూస్తాడు. "బీడీ, అగ్గిపెట్టె ఈడ పెట్టప్పా" అని అని అని, ఒకసారి నిద్రలో కూడా అన్నాడు. వన్నూరప్ప గేటు దగ్గరున్నన్నాళ్ళూ నా పత్తికి భయం లేదని మిల్లు యజమాని పదిమందిలో మెచ్చుకుంటాడు. అంతటి మనిషి డ్యూటీ దిగి ఇంటికొస్తే చెప్పులు విప్పకముందే బీడీ ముట్టిస్తాడు. పగలంతా బిగబట్టుకున్నది మొత్తం ఇంట్లోనే తీర్చుకుంటాడు.

ఎండాకాలం

ఉగాది అయిన తర్వాత నాకు ఆయాసం మొదలైంది. కుళాయి దగ్గర నుంచి బిందె తెచ్చుకోవడానికి రెండు చోట్ల ఆగాల్సి వచ్చేది. మాకు దాని కారణం వెతుక్కునే పనే లేకపోయింది. యశ్వంతనగర్ దిక్కునున్న గనుల నుంచి ఇనుప రాయి లారీలు బైపాసు మీద పోతుంటాయి. పొద్దున ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి కాషాయం అవుతుంది. అన్నంలో దుమ్ము, నీళ్ళలో దుమ్ము, కళ్ళు నలుపుకుంటే దుమ్ము. మా వీధిలో ఎవరికి దగ్గొచ్చినా, ఎవరు ఆయాసపడినా లారీలను తిట్టి ఊరుకుంటాం. మేమూ తిట్టాం.

తిట్టడంతో ఆగలేదు మా ఆయన. ఒక ఆదివారం నేను కుట్టగా మిగిలిన జీన్సు పేలికల మూట తీసుకుని, కిటికీ సందులు, తలుపు కింది సందు, గోడకూ రేకుకూ మధ్యనున్న ఎడం, అన్నీ కూరిపెట్టాడు. గాలి దూరడానికి లేదు. చెమటలు కక్కుతూ చేశాడు. నా మీద ప్రేమతోనే చేశాడు, అది కూడా రాయాలి. పని అయ్యాక మంచం మీద కూర్చుని, "ఇంక యాడి నుంచి వస్తాదో చూస్తా దుమ్ము" అని బీడీ ముట్టించాడు. నేను టీ పెట్టిచ్చాను. ఆ రోజు మేమిద్దరం చాలా సంతోషంగా ఉన్నాం. ఆ తలుపులేసిన గదిలో, ఆ పొగలో కూర్చుని, బయటి దుమ్మును గెలిచామనుకున్నాం.

తర్వాత ఎడమ చేయి లాగడం మొదలైంది. జీన్సు గుడ్డ బరువు, మిషను మీద తోసి తోసి చేయి పట్టేసి ఉంటుందని అమృతాంజనం రాసుకున్నాను. ఆషాఢంలో దవడ నొప్పి వచ్చింది. పని చేస్తే వచ్చేది, కూర్చుంటే తగ్గేది. నొప్పి వచ్చిన చోటే రోగం ఉంటుందనుకునే బుద్ధి నాది. మార్కెట్ దగ్గర పళ్ళ డాక్టరు దగ్గరికి పోయాం. నోరు తెరిపించి చూసి, వెనక పన్ను పుచ్చి ఉందన్నాడు. అది నిజంగానే పుచ్చి ఉంది, ఆయన్ననడానికి లేదు. పీకేశాడు. దూదిముక్క కరిచిపెట్టుకుని ఇంటికొచ్చాను. పన్ను పోయింది, నొప్పి పోలేదు. వారం తిరగకుండానే అదే దవడ మళ్ళీ లాగింది. ఇంకో పన్ను కూడా పుచ్చిందేమో అనుకున్నాను.

శ్రావణం

శ్రావణ శుక్రవారం, పొద్దున్నే గడప కడిగి పసుపు రాస్తుంటే వచ్చింది. నొప్పి అనడానికి లేదది. మిల్లులో కట్టే బరువైన పత్తి బేలు తెచ్చి రొమ్ము మీద పెట్టి, దాని మీద ఇంకో బేలు పెట్టినట్టు అయింది. వీపంతా చెమట. దవడ బిగుసుకుపోయింది. చచ్చిపోతానని అప్పుడే తెలిసిపోయింది నాకు. ఎవరు చెప్పారంటే చెప్పలేను, ఒళ్ళే చెప్పింది. ఇంట్లో ఎవరూ లేరు. పక్కింటావిడను పిలుద్దామంటే గొంతు రాలేదు. గోడ పట్టుకుని మిల్లు గేటు దాకా పోయాను. అంత దూరం ఎలా నడిచానో నాకు ఈ రోజుకీ గుర్తు లేదు.

మా ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. నేను గేటు కడ్డీలు పట్టుకుని కింద కూర్చుండిపోయాను. "ఏమాయ మే, ఏమాయ" అంటున్నాడు, ఇంకేం అనలేకపోతున్నాడు. అటుగా పోతున్న ఆటోను ఆపి నన్ను ఎక్కించాడు. గేటు బార్లా తెరిచి వదిలేసి వచ్చాడని తర్వాత తెలిసింది. ఆయన ఉద్యోగంలో అలా చేసింది ఆ ఒక్క రోజే.

ఆటోలో జరిగింది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రాస్తాను. భయానికి ఆయన చేతులు వాటంతటవే జేబులోకి పోయి బీడీ తీశాయి, ముట్టించాయి. ఆయనకు తెలిసి చేసిన పని కాదది. పొగ నా ముఖం మీదికి వచ్చింది. నాకు మాట రాలేదు, పారేయమని ఆయన చొక్కా పట్టుకుని లాగాను. ధైర్యం కోసం పట్టుకున్నాననుకున్నాడు. నా చేయి తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, "నేనుండా, భయపడొద్దు, నేనుండా" అన్నాడు. బీడీ పళ్ళ మధ్యనే ఉంది.

ఆసుపత్రిలో లోపల జరిగిందంతా నాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. చల్లటి గది, మణికట్టు దగ్గర సూది, తెర మీద నా గుండె. మూసుకుపోయిన నరాన్ని తెరిచి స్టెంటు వేశారు. బయట హాల్లో జరిగింది, కబురందుకుని రూపనగుడి నుంచి వచ్చిన సుజాత చెప్పింది. ఆ హాల్లో ఇనుప బెంచీలు వరసగా ఉంటాయట. లోపలి తలుపు తెరుచుకుని నర్సు ఒక పేరు చెప్పి, కన్నడంలో "కడెయవరు యారు" అని అడిగేదట, అంటే ఆ మనిషి తాలూకు వాళ్ళెవరని. తలుపు కిర్రుమన్నప్పుడల్లా హాల్లో మాటలన్నీ ఆగిపోయేవట. మందుల చీటీ ఇవ్వడానికైనా అదే పిలుపు, ఇంకోటి చెప్పడానికైనా అదే పిలుపు.

సుజాత పక్కన కెంచనగుడ్డ నుంచి వచ్చిన ఒక పెద్దామె ఉండేదట. లోపలున్నది ఆమె కొడుకు, లారీ డ్రైవరు, ఇంకా పెళ్ళి కూడా కాలేదు. స్టీరింగు మీద నిద్ర రాకుండా సిగరెట్టు తాగుతాడని, వద్దంటే నిద్రపోయి చావమంటావా అని నవ్వేవాడని చెప్పిందట. సుజాత పొద్దుటి నుంచి ఏమీ తినలేదని చూసి, గుడ్డలో చుట్టి తెచ్చుకున్న జొన్నరొట్టె సగం తుంచి, చెనక్కాయ కారం వేసి చేతిలో పెట్టిందట. "తిను తల్లీ, ఏడ్చేదానికైనా శక్తి కావాల" అందట. ఇద్దరూ తింటుండగానే తలుపు తెరుచుకుని ఆమె కొడుకు పేరు చెప్పి "కడెయవరు యారు" అన్నారు. చేతిలో రొట్టె ముక్కతోనే ఆమె లేచి పోయింది. మళ్ళీ ఆ బెంచీ దగ్గరికి రాలేదు. రొట్టెలు కట్టుకొచ్చిన గుడ్డ మా దగ్గరే ఉండిపోయింది. సుజాత ఉతికి దాచిపెట్టింది, ఎవరికివ్వాలో తెలియదు.

నాకు కాస్త తెలివొచ్చాక డాక్టరమ్మ వచ్చింది. చిన్నపిల్లలా ఉంది, మా సుజాత ఈడే ఉంటుంది. నన్ను అవీ ఇవీ అడిగి, కాగితం నుంచి తలెత్తకుండానే "మనేలి యారు బీడి సేదతారె?" అంది. ఇంట్లో బీడీ ఎవరు తాగుతారని. నేను ఆయన వైపు చూడలేదు. ఆయనే చెప్పాడు, తానేనని. ఇంట్లోనా బయటా అని అడిగింది. ఇంట్లోనే అన్నాడు. అప్పుడామె కాగితం పక్కన పెట్టి కూర్చుని చెప్పింది. నాకు అర్థమైనంత వరకు ఇది: తాగేవాడి రొమ్ములోకి పోయే పొగే పక్కనున్నవాళ్ళ రొమ్ములోకీ పోతుంది. రక్తనాళాల లోపలి గోడ చెడుతుంది, రక్తం చిక్కబడి గడ్డ కడుతుంది. దానికి తాగినవాళ్ళెవరు, తాగనివాళ్ళెవరు అనే తేడా తెలియదు. దుమ్ము మంచిదని చెప్పడం లేదు, కానీ మూసిన గదిలో ఇన్నేళ్ళు పొగ పీల్చడం అంతకన్నా పెద్ద సంగతి. ఈ గుండె ఇంకో దెబ్బకు తట్టుకోదు, ఆ గదిలో పొగ ఉంటే ఈమెను ఆ గదికి పంపొద్దు అని సుజాతతో చెప్పింది. లేస్తూ లేస్తూ మా ఆయనతో, నువ్వు కూడా ఒకసారి పరీక్ష చేయించుకోప్పా అంది. "నాకేమైందమ్మా, గుండ్రాయి మాదిరి ఉండా" అన్నాడాయన.

వరండాలోకి పోయాక తండ్రీకూతుళ్ళ మధ్య మాటా మాటా వచ్చింది. తలుపు సరిగా వేయలేదు, నాకన్నీ వినిపించాయి. సుజాత గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

"పత్తికి కాపలా కాసినావు నాయనా," అంది. "అమ్మకు కాయలేదు."

నాకు ఆ మంచం మీద పడుకుని మొదటిసారి కోపమొచ్చింది. అంతవరకూ భయమే. యజమాని పత్తి బూడిదవుతుందని ఏ మనిషి జేబులోనూ అగ్గిపుల్ల కూడా వదలడే, అదే అగ్గిపుల్ల నా తల పక్కన గీసేటప్పుడు ఒక్కసారైనా అనిపించలేదా ఈయనకు? ఆ కోపం ఇప్పటికీ పోలేదు. పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆ కోపం పక్కనే, ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నా కాళ్ళ దగ్గర నేల మీద పడుకుని, నేను కదిలితే చాలు లేచి కూర్చున్న మనిషి కూడా ఉన్నాడు. రెండూ నిజమే, ఏది ఎక్కువో తూచే త్రాసు నా దగ్గర లేదు.

దసరా

ఆసుపత్రి నుంచి సుజాత ఇంటికి పోయి కొన్నాళ్ళుండి, మా ఇంటికొచ్చేసరికి దసరా. నన్ను వాకిట్లో కుర్చీ మీద కూర్చోబెట్టి, సుజాత కొంగు నడుముకు చుట్టుకుని సందుల్లోని జీన్సు పేలికలు ఒక్కొక్కటీ పీకింది. అన్నీ తెచ్చి నా ముందు పోసింది. బయటివైపు ఎర్రగా ఉన్నాయి, లారీల దుమ్ము. లోపలివైపు తిప్పితే మసిపట్టి, పసుపుపచ్చ జిగురుతో చేతికంటుకుంటున్నాయి. నీలం గుడ్డ నీలంగా ఎక్కడా లేదు. మా ఆయన ఒక పేలిక చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. వాసన చూశాడు. మెల్లగా పక్కన పెట్టాడు.

తలుపు పక్కన నేనొక పాత నూనె డబ్బా పెట్టించాను. మిషను దాని పక్కకే జరిపించాను. సాయంత్రం ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి చేయి అడ్డం పెట్టి, "బీడీ, అగ్గిపెట్టె ఈడ పెట్టప్పా" అన్నాను. ఆయన నిలబడిపోయాడు. తర్వాత నవ్వాడు. నేనూ నవ్వాను, నవ్వితే రొమ్ము నొచ్చింది. జేబులోంచి తీసి వేశాడు. మా వీధి వాళ్ళకు అది పెద్ద వేడుకైపోయింది. ఎవరొచ్చినా తలుపు దగ్గర ఆగి, రత్నమ్మ గేటు దాటాలంటే చెకింగు కావాల అని జేబులు చూపించి లోపలికి వచ్చేవాళ్ళు.

మొదట్లో రోడ్డు అవతలికి పోయి తాగొచ్చేవాడు. కొన్నాళ్ళకు డబ్బాలో ఏమీ పడటం లేదని చూశాను. ఏమని అడిగితే, "మానేసినా పో" అన్నాడు. మాత్రలు వేళ తప్పకుండా నీళ్ళతో సహా తెచ్చిచ్చేవాడు. గోడలకు సున్నం వేశాడు. సుజాత దీపావళికి తన పసిపిల్లను తీసుకొచ్చి, వాసన లేదని రెండుసార్లు లోపలా బయటా తిరిగి చూసుకుని, అప్పుడు పిల్లను చాప మీద పడుకోబెట్టింది. తండ్రితో రెండు మాటలు మాట్లాడింది, కూరలో ఉప్పు సరిపోయిందా అనే రకం మాటలే. ఆయనకు అవి చాలు.

భయం మాత్రం పోలేదు. చేయి కొంచెం లాగినా, త్రేన్పు వచ్చినా, ఇదేనా అది అని ఊపిరి బిగబట్టి వింటాను. నా ఒంట్లో నాకే ఇంకెవరో అద్దెకున్నట్టు ఉంటుంది. అయినా మిషను తొక్కుతున్నాను, కుళాయి నుంచి చిన్న బిందె తెచ్చుకుంటున్నాను. ఇక్కడిదాకా రాసి, ఇంక చాలు, గండం గడిచింది, సుజాతకు చదవమని ఇద్దాం అనుకున్నాను.

మళ్ళీ రాస్తున్నాను

పత్తి సీజను మొదలైంది. మిల్లు గేటు దగ్గర లారీలు వరస కట్టాయి. మా ఆయన సాయంత్రం వచ్చి, గేటు తోసి తోసి భుజం పీకుతాండాదని నాతో చేయి ఒత్తించుకునేవాడు. నేను మిషను ఆపి ఆయన ముఖం చూసేదాన్ని. ఏ భుజమని అడిగితే, రెండూ అనేవాడు. పెద్ద గేటు, బరువైనదే. డాక్టరమ్మ దగ్గరికి పోదామంటే సీజను అయిపోనీ అన్నాడు.

మొన్న పొద్దున నేను పొయ్యి దగ్గరుంటే, పళ్ళు తోముకోవడానికి పోయిన మనిషి నోరు కడుక్కోకుండానే తిరిగొచ్చాడు. ఒక అరచేయి దవడకు ఆనించి పెట్టుకున్నాడు. నుదుటి మీద చెమట ఉంది, బయట చలి.

"పన్ను నొస్తాండాది మే," అన్నాడు. "నువ్వు పీకించుకుంటివే, ఆ డాక్టరు యాడ?"

నేను స్టవ్ ఆపాను. వాదించలేదు, చెప్పులేసుకోమన్నాను. పళ్ళ డాక్టరు దగ్గరికేనా అని అడిగాడు. ఆఁ అన్నాను. ఆటో మార్కెట్ వైపు తిరగకుండా నేరుగా పోతుంటే ఆయనకు అర్థమైంది. అయినా దవడ పట్టుకునే కూర్చున్నాడు. ఈసారి ఆయన చేయి నా చేతుల మధ్య ఉంది, తడిగా, చల్లగా ఉంది.

ఆసుపత్రి గేటు దగ్గర ఒక సెక్యూరిటీ మనిషి ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాడు. వయసు మా ఆయనంతే ఉంటుంది. లోపలికి పోయేవాళ్ళందరితో అన్నట్టే మామూలుగా అన్నాడు.

"బీడీ, అగ్గిపెట్టె ఉంటే ఈడ పెట్టప్పా."

మా ఆయన ఆగాడు. నా వైపు చూడలేదు. స్వెట్టరు లోపలికి చేయి పెట్టి, బనీను జేబులోంచి బీడీ కట్ట తీశాడు, అగ్గిపెట్టె తీశాడు. కట్టలో సగం బీడీలు లేవు. ఇన్నాళ్ళూ అంతమంది జేబులు తడిమిన మనిషికి, ఎక్కడ పెడితే దొరకదో తెలియదా. ట్రేలో పెట్టి, వెనక్కి తీసుకునేవాళ్ళు మళ్ళీ ఒకసారి చూసుకుంటారే, అలా కూడా చూడకుండా ముందుకు నడిచాడు. అడిగేదానికి అది వేళ కాదు.

ఈసీజీ కాగితం చూసిన డాక్టరు ఎవర్నో గట్టిగా పిలిచాడు. చక్రాల కుర్చీ తెచ్చారు. నేను నడుస్తా అని మా ఆయన అంటుంటేనే కూర్చోబెట్టి తోసుకుపోయారు. నాకు ఆయన చెప్పులు మిగిలాయి. సుజాతకు ఫోను చేశాను, బయలుదేరానంది. ఇనుప బెంచీ మీద కూర్చున్నాను. సుజాత చెప్పినట్టే ఉంది హాలు. పక్కన ఎవరో చిన్న పిల్ల, కొత్తగా పెళ్ళయినట్టుంది, ఏమీ తినకుండా కూర్చుని ఉంది. ఇవ్వడానికి నా దగ్గర రొట్టె లేదు.

లోపలి తలుపు కిర్రుమంది. మాటలన్నీ ఆగిపోయాయి. నర్సు చేతిలో కాగితం చూసుకుని తలెత్తింది.

"వన్నూరప్ప కడెయవరు యారు?"

ఆయన చెప్పులు చేతిలో పట్టుకుని లేచాను.